హోరులో ఒక పిలుపు

“నాలుగుసార్లు పిలిచాను. లెక్కపెట్టి మరీ చెబుతున్నాను. నాలుగుసార్లు!”

అత్తగారు తన సూట్‌కేసు సర్దేసుకుని దాని మీదే కూర్చున్నారు. నిన్న సాయంత్రం స్నానాలగదిలో జారిపడినప్పుడు గీసుకుపోయిన మోచేతికి కట్టు ఉంది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, కొడుకు వైపు తప్ప ఇంకెటూ చూడటం లేదు.

“కొండెక్కి ఒక్క రోజు కాలేదమ్మా. అప్పుడే దిగిపోతానంటే ఎలా? మధ్యాహ్నం దాకా బస్సు కూడా లేదు,” అన్నాడు కొడుకు.

“నడిచి పోతాను.”

“ఆ మోకాళ్లతోనా?”

“దొర్లుకుంటూ పోతాను. కిందికే కదా దారి!”

మంచం మీద కూర్చుని కాళ్లాడిస్తున్న పిచ్చుక కిసుక్కున నవ్వింది. దానికి ఏడేళ్లు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తాతయ్య పెట్టిన ముద్దుపేరు అది. బడి రిజిస్టరులో తప్ప అసలు పేరు ఇంకెక్కడా వాడరు.

దాని తల్లి కిటికీ దగ్గర నిలబడి తువ్వాలు మడతపెడుతోంది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెడుతోంది.

“మధ్యలో ఉన్నదేమిటి? పలచటి చెక్కగోడ,” అత్తగారి గొంతు పెరిగింది. “పడిపోయానే అమ్మాయ్ అని అరిస్తే పక్క కాటేజీలో ముక్కూమొహం తెలియనివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఈ మహాతల్లి మాత్రం ఇటు తిరిగి బట్టలు సర్దుకుంటోంది. వాళ్లు నన్ను లేవదీసి తెచ్చి ఎదురుగా నిలబెడితే, అప్పుడు ‘అయ్యో ఏమైంది’ అని అడుగుతుందా!”

“వినపడలేదంటోంది కదమ్మా.”

“ఎందుకు వినపడదు? కోర్టులో సాక్షులు నీళ్లు నములుతూ చెప్పేదంతా పొల్లుపోకుండా టైపు చేస్తుందని నువ్వేగా గొప్పగా చెబుతావు. అక్కడ పనిచేసే చెవులు ఇంటికొచ్చేసరికి మూసుకుపోతాయా? వినాలని లేదు, అంతే.”

తువ్వాలు మడత దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆమె కోర్టులో టైపు కొట్టి రెండు నెలలయింది. ‘మళ్లీ చెప్పమనండి’ అని ఒకే వాంగ్మూలంలో పదిసార్లు అడిగిన రోజున, పెద్ద గుమాస్తా ఆమెని పక్కకి పిలిచి పాత ఫైళ్ల గదికి మార్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడు వారాల కిందట ఒంటరిగా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చిన సంగతీ తెలియదు. ఆయన ఇచ్చిన కాగితం ఆమె చేతిసంచి అడుగు అరలో, నాలుగు మడతల్లో ఉంది.

“అత్తయ్యా, నిజంగానే వినపడలేదు. నా తప్పే. రండి, వెళదాం. మీరు లేకపోతే బాగుండదు,” అంది దగ్గరికి వచ్చి.

అత్తగారు తల దించుకుని ఏదో అన్నారు. పెదవులు కనిపించలేదు. గొంతు గొణుగుడులా వచ్చి చెవి అంచు దగ్గరే ఆగిపోయింది.

ఏ మాటా అందనప్పుడు ఆమె చేసే పని ఒకటుంది. నవ్వడం. అలవాటు కొద్దీ ఇప్పుడూ నవ్వింది.

“చూశావా?” అత్తగారు తారాజువ్వలా లేచారు. “మీ నాన్న పోయాక ఈ ఇంట్లో నా ఊసు ఎవరికీ అక్కర్లేదంటే నవ్వుతోంది! నీ కళ్లతో చూశావా?”

భర్త ఆమె వైపు చూసిన చూపుకి ఆమె నవ్వు మొహం మీదే గడ్డకట్టుకుపోయింది.

“నానమ్మా, నువ్వు రాకపోతే జలపాతం కట్టేస్తారంట,” అంది పిచ్చుక గంభీరంగా. “కుళాయి తిప్పేస్తారంట.”

ముసలావిడ మనవరాలి మొహం చూశారు. కాసేపటికి చెప్పులు వెతుక్కున్నారు.

“నా మనవరాలి కోసం వస్తున్నాను. ఇంకెవరి కోసమూ కాదు. ఆ మాట వాళ్లకి వినపడిందో లేదో కనుక్కో.”

* * *

జీపులో ముందు సీటు భర్తది. లిఫ్టులు బాగుచేసే మనిషి. ముప్ఫై అంతస్తుల గోతిలో ఇనపతాడుకి వేలాడుతూ విజిలేస్తాడు గానీ, కొండమలుపుల్లో కడుపు తిప్పుతుంది. ఒళ్లో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని, కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పకుండా కూర్చున్నాడు.

వెనక అత్తగారు, మధ్యలో పిచ్చుక, ఎడమ కిటికీ పక్కన ఆమె. ఎక్కడ కూర్చున్నా ఎడమ చివరే కూర్చుంటుంది. కుడి చెవి కొంచెం నయం.

రోడ్డుకి రెండువైపులా తేయాకు తోటలు. నడుమెత్తు పొదలు, కొండ కొండంతా ఒకే కత్తెరతో సమంగా కత్తిరించినట్టు ఉన్నాయి. మంచు కిందికి దిగి పొదల మధ్య దారుల్లో పాకుతోంది. నడుముకి ప్లాస్టిక్ పట్టాలు కట్టుకున్న ఆడవాళ్లు వీపున బుట్టలతో చిగుళ్లు కోస్తున్నారు. వాళ్ల చేతులు తప్ప ఇంకేమీ కదలడం లేదు. ఆకు ఎండబెట్టే ఫ్యాక్టరీ దాటుతుంటే పచ్చివాసన, కాలిన వాసన కలిసి గుప్పుమంది.

ముందు డ్రైవరు ఏదో చెబుతున్నాడు. వెనక నుంచి చూస్తే అతని మెడ, టోపీ తప్ప ఏమీ కనిపించవు.

“పైన రెండు రోజులుగా ఒకటే వాన సార్. ఫ్యాక్టరీవాళ్ల ఆనకట్ట నిండిపోయుంటుంది. ఎప్పుడైనా నీళ్లు వదలొచ్చు. వదిలేముందు సైరన్ వేస్తారు. సైరన్ వినపడిందా, చేతిలో ఏమున్నా పారేసి మెట్లెక్కేయాలి. పిల్లతో ఉన్నారు, జాగ్రత్త.”

“అలాగే అలాగే,” అన్నాడు భర్త, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అత్తగారు విన్నారు. పిచ్చుక విన్నది. ఎడమ కిటికీ పక్కన కూర్చున్నామెకి ఆ మాటలు ఇంజను మోతలో కలిసిపోయాయి.

ఆమె తోటల వైపు చూస్తోంది గానీ చూడటం లేదు. మూడు వారాలుగా కళ్లు తెరిచినా మూసినా ఒకటే గది కనిపిస్తోంది.

ఎనిమిది నెలల కిందటి ఒక బుధవారం. అత్తగారు చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్లారు. భర్త పనికి, పిచ్చుక బడికి. ఆమె సెలవు పెట్టి ఇంట్లో ఉంది. మామగారు ముందుగదిలో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. ఆమె వెనకగదిలో పిల్ల యూనిఫారాలు ఇస్త్రీ చేసింది. రెండు గదుల మధ్య తలుపు తీసే ఉంది. పన్నెండడుగుల దూరం. అన్నం వడ్డించి పిలుద్దామని వెళితే, ఆయన తల ఒక పక్కకి వాలిపోయి ఉంది.

“నిద్రలోనే పోయారు. అదృష్టవంతుడు,” అన్నారు అందరూ.

ఆమె కూడా అదే అనుకుంది. చెవుల డాక్టరు నోరు విప్పేదాకా అదే అనుకుంది.

“రెండు చెవులూ తగ్గిపోతున్నాయమ్మా. సన్నని గొంతులు ముందు పోతాయి. పిట్టలు, విజిళ్లు, పిల్లల మాటలు. నీరసంగా పిలిచే పిలుపులు. ఏడాది పైనుంచే మొదలై ఉండాలి. మీరు గమనించలేదంతే. మిషన్లు పెట్టుకుంటే చాలావరకు పనవుతుంది,” అన్నాడాయన, ఏదో చిన్న విషయం చెబుతున్నట్టు.

ఏడాది పైనుంచి.

మిషన్లంటే ఆమెకి భయం లేదు. భయమల్లా ఆ బుధవారం గురించి. మామగారు నిద్రలోనే పోయారా? అమ్మాయ్ అని పిలిచారా? పిలిచి, పన్నెండడుగుల దూరంలో ఉన్న కోడలు వస్తుందని తలుపు వైపు చూశారా?

చెవుల సంగతి బయటపెట్టిన మరుక్షణం ఇదే ప్రశ్న అత్తగారికీ తడుతుంది. అందుకే ఆ కాగితం సంచి అడుగునే ఉండిపోయింది.

పిచ్చుక ఆమె మోకాలి మీద తట్టింది. తర్వాత కుడి చెవి దగ్గరికి నోరు తెచ్చి అంది.

“అమ్మా, వచ్చేశాం.”

* * *

మెట్ల పైభాగాన రేకుల టీ దుకాణం, కాపలాదారు గది, వానకి అక్షరాలు చెరిగిపోయిన ఒక బోర్డు. అక్కణ్నుంచి నూట పది మెట్లు దిగితే మడుగు.

అత్తగారు బెంచీ మీద కూలబడ్డారు. “నేను దిగను. చూసేదేదో ఇక్కణ్నుంచే చూస్తాను. నీళ్లే కదా.”

“నేను అమ్మ దగ్గరుంటాను. నువ్వు పిల్లని తీసుకెళ్లు,” అన్నాడు భర్త. ఆమె కళ్లలోకి చూడకుండా ఇంకో మాట అన్నాడు. “రాత్రికి కూర్చుని మాట్లాడుకుందాం. ఇలా ఎన్నాళ్లు సాగుతుంది?”

ఈ మాట మాత్రం స్పష్టంగా అందింది. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

దిగేకొద్దీ హోరు పెరిగింది. చివరి మలుపు తిరగగానే జలపాతం ఎదురుగా నిలబడింది. నల్లటి రాతిగోడ మీద నుంచి తెల్లగా, దారం పోగులు విడిపోయినట్టు వచ్చి, కింద మడుగులో పడి పొగలా లేస్తోంది. తుంపర మొహానికి తగిలి పిచ్చుక కెవ్వుమంది. ఆ కేక ఆమెకి వినపడలేదు. నోరు తెరవడం కనిపించింది.

అక్కడున్న పాతికమందిలో ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. ఒక మొగుడు తన పెళ్లాం చెవిలో అరుస్తున్నాడు. పెళ్లాం ‘ఏంటి?’ అన్నట్టు చెయ్యి తిప్పుతోంది. ఒక ముసలాయన సైగలతో గొడుగు అడుగుతుంటే ఆయన కూతురు నీళ్ల సీసా ఇచ్చింది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఆమెకి ఏడవాలనిపించింది. ఎన్నాళ్లకి అందరితో సమానంగా నిలబడింది! ఇక్కడ తప్పు విన్నా ఎవరూ కోప్పడరు. తప్పుగా నవ్వినా ఎవరూ పట్టించుకోరు.

పిచ్చుక నీళ్లలోని ఒక బండ చూపించింది. ఒడ్డు నుంచి రెండంగల దూరం, మధ్యలో చీలమండ లోతు నీళ్లు. ఆమె పిల్లని దాటించి బండ మీద కూర్చోబెట్టింది. చూపుడువేలు చూపించి, పెదవులు పెద్దగా కదిలిస్తూ చెప్పింది.

“నేను వచ్చి తీసుకెళ్లేదాకా ఇక్కణ్నుంచి కదలకూడదు. సరేనా?”

పిచ్చుక తలూపింది.

ఆమె ఒడ్డుకి వచ్చి నిలబడింది. చెవులు చెయ్యలేని పని కళ్లతో చెయ్యడం నేర్చుకుంది. పిల్ల మీద నుంచి చూపు తిప్పకూడదు. అది తనకి తను పెట్టుకున్న నియమం.

ఎవరో భుజం తట్టారు. కొత్తగా పెళ్లయిన జంటలా ఉన్నారు. అమ్మాయి ఫోను చాపి, ఫొటో తియ్యమన్నట్టు సైగ చేసింది. కాదనడానికి మొహమాటపడింది. ఒక్క నిమిషమే కదా.

ఫోను కళ్ల ముందు పెట్టుకుంది. చిన్న తెర మీద ఇద్దరి నవ్వుమొహాలు. అబ్బాయి జుట్టు సర్దుకున్నాడు. అమ్మాయి అతని భుజం మీద తల ఆనించింది. ఆమె వేలు మీట మీదికి పోయింది.

తెర మీద ఆ నవ్వులు ఆరిపోయాయి.

ఇద్దరి కళ్లూ ఒక్కసారే పైకి తిరిగాయి. అబ్బాయి నోరు తెరుచుకుంది. అమ్మాయి చెయ్యి పట్టి లాగాడు. మరుక్షణం తెర మీద ఖాళీ రాయి తప్ప ఇంకేమీ లేదు.

ఆమె ఫోను దించింది. ఇంత ఖరీదైన వస్తువు తన చేతిలో వదిలేసి ఎందుకు పరిగెత్తారు? చుట్టూ చూసింది. అందరూ పరిగెత్తుతున్నారు. ముసలాయనని కూతురు రెక్క పట్టి మెట్లెక్కిస్తోంది. ఎవరిదో చెప్పు ఒకటి నీటి అంచున పడి ఉంది. మెట్ల మలుపు దగ్గర కాపలాదారు రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. అతని మెడ మీద నరాలు ఉబ్బడం కనిపిస్తోంది. మాట మాత్రం లేదు. ఎవరి గొంతూ లేదు. లోకమంతా ఒకటే హోరు.

ఏమైంది? పులా? కొండ విరిగిందా? ఎవరిని అడగాలి?

అప్పుడు జలపాతం వైపు చూసింది. పైన అంచు దగ్గర తెలుపు లేదు. చిక్కటి డికాషన్ రంగు నీళ్లు కొమ్మల్ని, ఆకుల్ని తోసుకుంటూ కిందికి దూకుతున్నాయి.

పిచ్చుక.

పిల్ల బండ మీదే ఉంది. గొంతుక్కూర్చుని, రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని, తల్లి వైపే చూస్తోంది. దాని నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎప్పట్నుంచి పిలుస్తోందో! చీలమండ లోతున్న నీళ్లు బండని సగం మింగేశాయి.

ఆమె ఫోను ఎటో విసిరేసి దూకింది.

మొదటి అడుగుకి మోకాళ్లు, రెండో అడుగుకి తొడలు. ప్రవాహం కాళ్లని పక్కకి కోసేస్తోంది. అడుగున రాయి జారింది. ఎలాగో బండ అంచు చేతికి చిక్కింది. పిల్లని లాగి మెడకి తగిలించుకుంది. పిచ్చుక చేతులు గొంతు బిగించేశాయి. వెనక్కి తిరిగేసరికి ఒడ్డు రెండంగల దూరంలో లేదు. నాలుగంగలైంది. మధ్యలో ఒక చెట్టుకొమ్మ గిర్రున తిరుగుతూ పోతోంది.

ఇక అయిపోయిందనుకుంది.

ఏదో గట్టిగా భుజానికి తగిలింది. వెదురు గడ. దాని రెండో కొసన కాపలాదారు, నడుము లోతు నీళ్లలో, మెట్ల పక్క ఇనప కమ్మీకి మోచెయ్యి మెలేసుకుని నిలబడ్డాడు. ఆమె ఒక చేత్తో గడ పట్టుకుంది. అతను లాగాడు. మోకాలు రాయికి కొట్టుకుంది. ఒకసారి మునిగింది. నోటినిండా మట్టినీళ్లు. పిల్లని మాత్రం వదల్లేదు.

మెట్టు మీద పడ్డాక వెనక్కి చూసింది. బండ లేదు. అక్కడ బండ ఉండేదన్న గుర్తు కూడా లేదు.

* * *

కాపలాదారు గదిలో ఒక నులకమంచం, రెండు కుర్చీలు, గోడకి వేలాడే తాడు చుట్టలు. అతను రెండు దుప్పట్లు ఇచ్చి, ఇంకెవరైనా కింద మిగిలారేమో చూడటానికి మళ్లీ పోయాడు. తలుపు తీసే ఉంది. ఇక్కడి దాకా జలపాతం హోరు వస్తోంది.

భర్త పిల్లని గుండెలకి హత్తుకుని, దాని చేతులు, కాళ్లు, తల ఒక్కొక్కటే తడిమి చూశాడు. దెబ్బలేవీ లేవని తెలిశాక పిల్లని దించాడు. అప్పుడు పెళ్లాం వైపు తిరిగాడు.

“సైరన్ మూడుసార్లు మోగింది. నేను పైనుంచి విన్నాను. ఈ కొండంతా విన్నది. నువ్వు ఫొటోలు తీస్తూ నిలబడ్డావు!”

“ఏవండీ...”

“డ్రైవరు చెప్పాడు. పిల్లతో ఉన్నారు జాగ్రత్త అని మరీ మరీ చెప్పాడు. మెట్ల మీద నుంచి నేను నీ పేరు పెట్టి అరిచాను. గొంతు చించుకుని అరిచాను. ఒక్కసారి తల తిప్పావా? అది అక్కడ చచ్చిపోతుంటే... చెవుడా నీకు?”

“అవును.”

ఆ మాట అంత తేలిగ్గా బయటికి వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

కుర్చీలో కూర్చున్న అత్తగారు తల ఎత్తారు.

“ఏమన్నావు?”

“నాకు వినపడటం లేదండీ. రెండు చెవులూ. డాక్టరుకి చూపించుకున్నాను. కాగితం ఉంది.” భుజానికి తగిలించుకున్న చేతిసంచి తీసింది. నీళ్లలో నానిన సంచి అడుగున కాగితం ముద్దయింది. అయినా తీసి అతని చేతిలో పెట్టింది. “సైరన్ వినపడలేదు. మీ కేక వినపడలేదు. దీని కేక...” పిచ్చుకని చూసి ఆగిపోయింది.

“నేను చాలాసార్లు పిలిచాను,” అంది పిచ్చుక, దుప్పటిలోంచి మొహం మాత్రం బయటపెట్టి. “అమ్మకి దూరం నుంచి వినపడదని నాకు తెలుసు. కానీ కదలకూడదంది కదా.”

“నీకు తెలుసా?” అన్నాడు తండ్రి.

“ఊఁ. కుడి చెవిలో చెబితే వినపడుతుంది. ఎడమ దాంట్లో అస్సలు కాదు. గంట మోగితే నేనే చెబుతాను. కుక్కరు కూతలు కూడా నేనే లెక్కపెడతాను.”

అతను కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపి, తడుముకుని కూర్చున్నాడు. తడి కాగితం విప్పబోతే చిరిగింది. చిరిగిన ముక్కల్ని మోకాలి మీద పెట్టుకుని చదవడానికి ప్రయత్నిస్తున్నాడు.

“నాకెందుకు చెప్పలేదు? నేనేం పరాయివాణ్నా?”

ఆమె చూపు అత్తగారి మీద ఉంది. ఆవిడ మొహంలో ఏదో నెమ్మదిగా రంగు మారుతోంది. పొద్దుటి కోపం కాదు అది. కట్టు కట్టిన చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఎన్నాళ్లుగా?” అన్నారు అత్తగారు.

ఇదే. మూడు వారాలుగా ఈ మాట కోసమే వణికిపోతోంది.

“డాక్టరు ఏడాది పైన అన్నారు.”

“ఏడాది పైన...” అత్తగారి పెదవులు మాత్రం కదిలాయి. “అయితే ఆ బుధవారం...”

“ఏ బుధవారం?” అన్నాడు భర్త. అడిగిన తర్వాత అర్థమైంది. కాగితం ముక్కలు మోకాలి మీద నుంచి జారిపోయాయి.

ఆమె వచ్చి అత్తగారి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. ఆ పెదవుల్లో ఒక్క మాట కూడా జారిపోకూడదని మొహం పైకెత్తింది.

“నాకు తెలీదత్తయ్యా. ఒట్టు. మామయ్యగారు నన్ను పిలిచారో లేదో నాకు తెలీదు. పక్కగదిలోనే ఉన్నాను. తలుపు తీసే ఉంది. పిలిచి ఉంటే... పిలవలేదని ఎవరైనా చెబితే బాగుండని రోజూ...”

“పిలిచారు.”

బయట హోరు అలాగే ఉంది. అయినా ఆ మాట సూదిలా వచ్చి గుచ్చుకుంది.

“నేను విన్నాను,” అన్నారు అత్తగారు.

“నువ్వు పిన్ని ఇంట్లో ఉన్నావు కదమ్మా!”

“ఫోన్ చేశారు. గుండెల్లో ఏదోలా ఉంది, నువ్వు రా అన్నారు. ఎప్పుడూ ఉండే గ్యాసే కదా, అమ్మాయి ఇంట్లోనే ఉందిగా, పిలవండి అన్నాను. ఫోను చెవి దగ్గర పెట్టుకునే పిలిచారు. అమ్మాయ్... అమ్మాయ్... అని.” ఆవిడ గొంతు ఆ పిలుపుని అనుకరించబోయి విరిగిపోయింది. “వస్తోందిలే అనుకుని నేనే పెట్టేశాను. అక్కడ విస్తళ్లు వేసేశారు. అందరూ నా కోసమే చూస్తున్నారు. నేను అన్నం తిన్నాను.”



“ఎనిమిది నెలలు!” అత్తగారు కోడలి గడ్డం పట్టుకుని మొహం ఇంకా పైకెత్తారు. వేళ్లు చల్లగా ఉన్నాయి. “విని కూడా లేవలేదనుకున్నాను నువ్వు. ఇస్త్రీ అయ్యాక వెళ్లొచ్చులే అనుకున్నావనుకున్నాను. నా కళ్లెదురుగా నువ్వు తిరుగుతుంటే, నవ్వుతుంటే, నా ఒళ్లు ఎలా మండేదో తెలుసా? అడుగుదామని రోజూ నోటిదాకా వచ్చేది. అడిగితే, మరి నువ్వెందుకు ఫోను పెట్టేశావని నన్ను అడుగుతారుగా! అందుకే నోరు మూసుకున్నాను.”

ఆమె అత్తగారి మోకాలి మీద నుదురు ఆనించింది. పిలిచారు. అయితే పిలిచారు. కళ్లు మూసుకుంటే మళ్లీ అదే గది, ఇస్త్రీపెట్టె ఆవిరి, తీసి ఉన్న తలుపు.

తల ఎత్తేసరికి భర్త లేచి నిలబడి ఉన్నాడు. తల్లినే చూస్తున్నాడు.

“పెట్టేసే ముందు నాన్న ఇంకేమన్నారు?” అతని పెదవులు ఆమెకి బాగా కనిపించాయి. “అమ్మా, నిన్నే. ఊరికే అమ్మాయ్ అని పిలిచి ఊరుకున్నారా? ఇంకేమీ అనలేదా?”

అత్తగారు కోడలి మొహంలోకి చూశారు. ఒక్క క్షణమే. ఆ చూపులో జాలిలాంటిదేదో మెరిసింది. ఆమెకి అదే ఎక్కువ భయం వేసింది. గడ్డం కింద నుంచి వేళ్లు తీసేసి, ఆవిడ కుర్చీలో పూర్తిగా కొడుకు వైపు తిరిగిపోయారు.

ఇప్పుడు ఆవిడ వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. శాలువా కింద భుజాలు కదులుతున్నాయి. మాట్లాడుతున్నారు. ఏం మాట్లాడుతున్నారో నీటి హోరు మింగేస్తోంది.

ఆమె భర్త మొహం చూసింది. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఒక్కొక్క మాటకి ఆ మొహంలో నెత్తురు తగ్గిపోతూ వచ్చింది. ‘నవ్విందా?’ అన్నట్టు అతని పెదవులు కదిలాయి. తల్లి భుజం మీదుగా ఒకసారి ఆమె వైపు చూశాడు. అది కోపమో, జాలో, ఇంకేమిటో తెలియలేదు. పదేళ్ల కాపురంలో ఆ చూపు ఎప్పుడూ చూడలేదు.

“ఏమన్నారు?” అంది. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకి తెలియదు. “ఏవండీ, మామయ్యగారు ఏమన్నారు?”

అతను చూపు తిప్పుకున్నాడు.

ఆమె మంచం దగ్గరికి మోకాళ్ల మీదే వెళ్లింది. పిచ్చుక దుప్పటి కప్పుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, నానమ్మ మాటలే వింటోంది.

“నువ్వు చెప్పమ్మా. నానమ్మ ఏమంటోంది?”

పిచ్చుక దుప్పటిలోంచి చేతులు తీసి, ఎప్పటిలాగే తల్లి మెడ చుట్టూ వేసింది. నోరు కుడి చెవి దాకా తెచ్చింది. వెచ్చటి ఊపిరి చెవికి తగిలింది.

ఆమె ఎదురుచూసింది. ఊపిరి తగులుతూనే ఉంది. మాట మాత్రం రాలేదు.